లెక్క చూసుకొని కట్టిన కాపరి: హెన్రీ విట్నీ బెలోస్

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం మనందరికీ తెలిసిందే. కొత్త మందిరానికి పునాది వేసే రోజున ఆ మాట తప్పక గుర్తు చేసుకుంటాం. గోడలు లేచి, పైకప్పు పడ్డాక మరచిపోతాం. మందిరానికే కాదు, వందలాది సంఘాల కూటమికి కూడా అలాంటి లెక్క అవసరమని నమ్మి, దానికోసం జీవితం ధారపోసిన ఒక కాపరి గురించి ఈ వారం తలచుకుందాం. ఆయన అమెరికాకు చెందిన హెన్రీ విట్నీ బెలోస్.

ముందుగా ఒక మాట. బెలోస్ యూనిటేరియన్ శాఖకు చెందినవారు. త్రిత్వ సిద్ధాంతాన్ని అంగీకరించని ఉదారవాద శాఖ అది. మన పాఠకుల్లో ఎక్కువమంది విశ్వాసం వేరు. ఆ చర్చ ఇక్కడ మన ఉద్దేశం కాదు. ఎవరి మనస్సాక్షి వారిదే అనుకునే సంఘాలు కలిసి పనిచేయగలవా? పనిచేస్తే, ఏ మూల్యం చెల్లించి? ఆయన జీవితం మన ముందు పెట్టే ప్రశ్న అది. ఈ ప్రశ్న ఏ ఒక్క శాఖదీ కాదు.

బెలోస్ 1814లో బోస్టన్‌లో పుట్టారు. హార్వర్డ్‌లో చదువు, అక్కడే వేదాంత శిక్షణ. 1839 జనవరిలో, ఇంకా ఇరవై అయిదేళ్లు నిండకముందే, న్యూయార్క్‌లోని యూనిటేరియన్ సంఘానికి కాపరి అయ్యారు. ఆల్ సోల్స్ అని తర్వాత పేరుపొందిన సంఘం అదే. చనిపోయేవరకు, అంటే 43 ఏళ్లు, ఆ ఒక్క పులిపీఠమే ఆయనది. కవి విలియం కల్లెన్ బ్రయంట్, పారిశ్రామికవేత్త పీటర్ కూపర్ వంటివారు ఆయన సంఘస్థులు.

ఆ రోజుల్లో యూనిటేరియన్లకు పండితులు, పుస్తకాలు, పలుకుబడి ఉన్నాయి. లేనిది కట్టుబాటు. ప్రతి సంఘం స్వతంత్రం. 1825లో బోస్టన్‌లో అమెరికన్ యూనిటేరియన్ అసోసియేషన్ ఏర్పడింది గాని, అందులో సభ్యులు వ్యక్తులే తప్ప సంఘాలు కావు. ఇష్టమున్నవారు చందా కడతారు, లేనివారు ఊరుకుంటారు. బోస్టన్ చుట్టుపక్కల బలంగా ఉన్న ఆ శాఖ, పడమటికి పోయేకొద్దీ పలచబడిపోయేది. న్యూయార్క్‌లో ఉన్న బెలోస్‌కు ఈ దూరం బాగా తెలుసు. అందుకే 1840లలో ‘క్రిస్టియన్ ఇంక్వైరర్’ అనే పత్రిక ప్రారంభించడంలో ముందు నిలిచారు. సంఘాల మధ్య వార్త నడవకపోతే ప్రేమ కూడా నడవదని ఆయన గ్రహింపు.

1859లో హార్వర్డ్ వేదాంత పాఠశాల పూర్వ విద్యార్థుల ఎదుట ఆయన చేసిన ప్రసంగం చాలామందిని కలవరపెట్టింది. వ్యక్తి స్వేచ్ఛ చేయవలసిన పని చేసింది, ఇక సంఘం అనే శరీరాన్ని తిరిగి కట్టుకోవాలి అన్నది దాని సారాంశం. ఈయన రోమన్ కాథలిక్కుల వైపు మొగ్గుతున్నారా అని కొందరు అనుమానించారు కూడా. అయితే ఆ ఆలోచనను చేతల్లో పెట్టే అవకాశం ఎవరూ కోరుకోని దారిలో వచ్చింది.

1861 ఏప్రిల్‌లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. ఊరూరా స్త్రీలు బట్టలు కుట్టి, కట్టుగుడ్డలు చుట్టి, తినుబండారాలు మూటగట్టి తమ ఊరి కుర్రాళ్లకు పంపసాగారు. ప్రేమకు కొరత లేదు. కానీ కొన్ని పెట్టెలు దారిలోనే కుళ్లిపోయేవి. ఒక దండుకు అవసరానికి మించి అందితే, పక్క దండుకు ఏమీ అందేది కాదు. న్యూయార్క్ స్త్రీలు ఈ సహాయాన్ని ఒక క్రమంలో పెట్టాలని సంఘంగా ఏర్పడ్డారు. వైద్య పట్టా పొందిన మొదటి అమెరికా మహిళ ఎలిజబెత్ బ్లాక్‌వెల్ ఆ ప్రయత్నంలో ముఖ్యురాలు. వారికి తోడుగా నిలిచిన బెలోస్, వైద్యులను వెంటబెట్టుకొని వాషింగ్టన్ వెళ్లారు. జూన్‌లో అధ్యక్షుడు లింకన్ ఆమోదంతో యునైటెడ్ స్టేట్స్ శానిటరీ కమిషన్ ఏర్పడింది. దాని అధ్యక్షుడు బెలోస్. కార్యదర్శిగా న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌ను రూపొందించిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ వచ్చారు.

ఆ కమిషన్ పనితీరు మనం శ్రద్ధగా గమనించదగింది. మొదటిది, చూసి రావడం. తనిఖీదారులు శిబిరాలకు పోయి నీరు ఎక్కడిది, మరుగుదొడ్లు ఎలా ఉన్నాయి, వంట ఎవరు చేస్తున్నారు అని పొడవాటి ప్రశ్నల జాబితాతో వివరాలు రాసుకొచ్చేవారు. తూటాలకంటే జబ్బులే ఎక్కువమంది సైనికులను చంపిన యుద్ధం అది. రెండవది, కలిపి పంచడం. ఊళ్ల నుండి వచ్చిన సామగ్రి అంతా గిడ్డంగుల్లో చేరేది. మా ఊరివాళ్లకే అని రాసి ఇవ్వకూడదు. ఎక్కడ అవసరముంటే అక్కడికి పోతుంది. మూడవది, తిరిగి చెప్పడం. ఏది అందింది, ఎక్కడికి పోయింది, ఇంకా ఏది కావాలి అని నివేదికలు, కరపత్రాలు అచ్చువేసి పంపేవారు. యుద్ధం ముగిసేసరికి సుమారు 50 లక్షల డాలర్ల నగదు, దాదాపు 150 లక్షల డాలర్ల విలువైన సామగ్రి ఆ కమిషన్ ద్వారా నడిచాయి.

1864లో మరో పాఠం. శాన్‌ఫ్రాన్సిస్కో కాపరి థామస్ స్టార్ కింగ్ కమిషన్ కోసం కాలిఫోర్నియాలో పెద్ద ఎత్తున విరాళాలు సేకరించి, చిన్న వయసులోనే కన్నుమూశారు. ఆ సంఘాన్ని ఆదుకోవడానికి బెలోస్ తన పని వదిలి అక్కడికి వెళ్లి నెలల తరబడి పరిచర్య చేశారు. ఒక్క మనిషి మరణంతో ఒక తీరమంతా ఒంటరిదైపోవడం ఆయన కళ్లారా చూశారు.

ఆ ఏడాది డిసెంబరులో బోస్టన్‌లో యూనిటేరియన్ అసోసియేషన్ ప్రత్యేకంగా కూడింది. నిధి అవసరమన్నారు, లక్ష డాలర్లకు తక్కువ అడగకూడదని తీర్మానించారు. బెలోస్ దానితో ఆగలేదు. డబ్బు ఎవరిని అడుగుతున్నామో ఆ సంఘాలనే పిలిచి కూర్చోబెట్టాలి అన్నారు. ప్రతి సంఘం నుండి అయ్యగారితో పాటు ఇద్దరు సామాన్య సభ్యులు రావాలి. 1865 ఏప్రిల్ మొదటి వారంలో, రిచ్‌మండ్ నగరం పడిపోయిన ఆ రోజుల్లోనే, సుమారు 200 సంఘాల ప్రతినిధులు న్యూయార్క్‌లోని ఆయన మందిరంలో సమావేశమయ్యారు. అధ్యక్షపీఠంపై కూర్చున్నది ఒక పాస్టరు కాదు, మస్సాచుసెట్స్ గవర్నర్ జాన్ ఆండ్రూ. యూనిటేరియన్ సంఘాల జాతీయ కాన్ఫరెన్సు అలా పుట్టింది. ఒహాయోలోని యాంటియాక్ కళాశాలకు సహాయం, పడమటి ప్రాంతాలకు సేవకులు, పత్రికలకు ఊతం వంటి పనులు తలకెత్తుకున్నారు. అడిగిన లక్ష డాలర్లు వచ్చాయి.

నొప్పి కూడా అక్కడే మొదలైంది. నియమావళి పీఠికలో యేసుక్రీస్తును ప్రభువుగా పేర్కొనే మాట ఉంచారు. మన పాఠకులకు ఆ మాటలో అభ్యంతరం కనిపించదు. కానీ అందులో కొందరు ఏ విశ్వాస ప్రమాణానికీ సంతకం పెట్టబోమని తరాలుగా నిలిచినవారు. మరోవైపు ఇంకా గట్టి విశ్వాస ప్రమాణం కావాలన్నవారూ ఉన్నారు. బెలోస్ ఇరువురికీ నడుమ నిలవాలనుకున్నారు. పని ముందుకు సాగాలన్న ఆతురత ఆయనది. రెండు మూడు రోజుల్లోనే నియమావళి ఆమోదం పొందింది. ఓట్లు చాలినన్ని ఉన్నాయి. ఓడినవారితో మాట్లాడడానికి సమయమే చాలలేదు.

మరుసటి ఏడు సిరక్యూస్‌లో ఫ్రాన్సిస్ ఎల్లింగ్‌వుడ్ అబ్బట్ అనే యువ కాపరి ఆ పీఠికను మార్చమని సవరణ తెచ్చారు. అది వీగిపోయింది. 1867లో అసంతృప్తులు ఫ్రీ రెలిజియస్ అసోసియేషన్ పేరిట వేరుగా కూడారు. 1868లో మాత్రమే, కాన్ఫరెన్సు ప్రకటనలు అధిక సంఖ్యాకుల అభిప్రాయమేనని, ఒప్పుకోనివారిని అవి బంధించవని ఒక నిబంధన చేర్చారు. వివాదం నిజంగా చల్లారింది 1894లో, సారటోగాలో. అప్పటికి బెలోస్ కన్నుమూసి పన్నెండేళ్లయింది. ఆయన 1882 జనవరి 30న మరణించారు. రెండేళ్ల తర్వాత బోస్టన్ అసోసియేషన్ కూడా సంఘాలకే ప్రాతినిధ్యమిచ్చే సంస్థగా మారింది. ఆయన వేసిన బాట అది. ఆల్ సోల్స్ మందిరంలో శిల్పి సెయింట్-గాడెన్స్ చెక్కిన ఆయన కంచు ప్రతిమను నిలిపారు.

ఆయన విజయాన్నీ పొరపాటునూ పక్కపక్కన పెట్టి చూద్దాం. యుద్ధ శిబిరాల్లో ఆయన ముందు అడిగించారు, తర్వాత పంపించారు, ఆపైన తిరిగి లెక్క చెప్పారు. అందుకే పరిచయంలేని స్త్రీలు వేల మైళ్ల దూరం నుండి ఆయనను నమ్మి పెట్టెలు పంపారు. సంఘాల సభలో డబ్బు లెక్క చూశారు, ఓట్ల లెక్క చూశారు. నొచ్చుకున్న సోదరుల లెక్క మాత్రం ఆలస్యంగా చూశారు. ఒక సమావేశంలో మిగుల్చుకున్న కొన్ని గంటలకు ముప్ఫై ఏళ్ల మూల్యం చెల్లించవలసి వచ్చింది.

మన సంఘాల్లోనూ వార్షిక సమావేశాలు జరుగుతాయి. బడ్జెట్ చదువుతారు, చేతులెత్తమంటారు, ప్రార్థనతో ముగిస్తారు. ఈసారి చేతులెత్తమనే ముందు, ఎత్తకుండా కూర్చున్నవారి దగ్గరకు పెద్దల్లో ఒకరు వెళ్లి వారి మాట వినగలరా? పోయిన ఏడు ఇచ్చిన కానుక ఎక్కడికి పోయిందో వెనుక వరుసలో కూర్చునే విధవరాలికి కూడా అర్థమయ్యేలా చెప్పగలమా? ఆ రెండూ చేస్తే, ఆ గోపురం ఖర్చు మనం పూర్తిగా లెక్కచూసుకున్నట్టే.