రాజుగారి దొంగతనాన్ని పట్టిన గుమాస్తా

కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడాన్ని మనం వెట్టి అంటాం. తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లకు దాని సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అంతకంటే ఘోరమైన వెట్టి ఒకప్పుడు ఆఫ్రికాలోని కాంగోలో సాగింది. దాన్ని లోకం ముందు పెట్టినవాడు ఒక ఓడల కంపెనీ గుమాస్తా. పేరు ఎడ్మండ్ డీన్ మోరెల్.

మోరెల్ 1873లో పారిస్‌లో పుట్టాడు. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి ఇంగ్లీషామె. చిన్నప్పుడే తండ్రి పోయాడు. 1891లో లివర్‌పూల్‌లో ఎల్డర్ డెంప్‌స్టర్ కంపెనీలో చేరాడు. కాంగోకు ఓడలు నడిపేది ఆ కంపెనీయే.

1885 నుంచి కాంగో బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత జాగీరు. ఆఫ్రికా జనాన్ని ఉద్ధరిస్తున్నానని ఆయన చెప్పుకునేవాడు. మోరెల్ ఆ మాటలు వదిలేసి సరుకుల లెక్కలు చూశాడు. వచ్చే ఓడల నిండా రబ్బరు, ఏనుగు దంతాలు. వెళ్లే ఓడల్లో తుపాకులు, తూటాలు, సైనికాధికారులు. రబ్బరు తెచ్చినవాళ్లకు బదులుగా పోయే సరుకు దాదాపు లేదు. ఇది వ్యాపారం కాదు, వెట్టి అని ఆయనకు తేలిపోయింది.

ఆ వెట్టి ఎట్లా సాగిందంటే, ఊరికి ఇంత రబ్బరని లెక్క కట్టేవారు. ఆడవాళ్లను తాకట్టుగా బంధించేవారు. మగవాళ్లు అడవిలో తీగలు గీసి పాలు తేవాలి. ఇక చేను చూసేదెవరు? ఊళ్లకు ఊళ్లే ఆకలితో మాడాయి. పేల్చిన తూటాకు లెక్కగా సిపాయిలు నరికిన చెయ్యి చూపాలి. బతికున్నవాళ్ల చేతులూ తెగాయి.

మోరెల్ 1901లో ఉద్యోగం వదిలేశాడు. 1903లో సొంత పత్రిక పెట్టాడు. రోజర్ కేస్‌మెంట్ అనే బ్రిటిష్ కాన్సల్ కాంగో లోపలికి వెళ్లి చూసి రాసిన నివేదిక 1904లో వెలువడింది. ఆ ఏడు మార్చిలోనే కాంగో సంస్కరణ సంఘం పుట్టింది. దాని ఆయుధాలు కాగితాలు, కళ్లారా చూసినవాళ్ల ఉత్తరాలు, సభలు. ఆలిస్ సీలీ హారిస్ అనే మిషనరీ తీసిన ఫొటోలను తెరమీద చూపితే జనం నిశ్చేష్టులయ్యారు. ఒక ఫొటోలో న్సాలా అనే తండ్రి, నరికిన తన చిన్నబిడ్డ చెయ్యినీ పాదాన్నీ చూస్తూ కూర్చున్నాడు.

మోరెల్ అసలు మూలం భూమిలోనే చూశాడు. గుడిసె, చేను లేని చోటంతా ఖాళీ భూమి అని లియోపోల్డ్ లాక్కున్నాడు. భూమీ దాని ఫలమూ జనానివే అని మోరెల్ వాదించాడు. తరతరాలుగా సాగుచేసుకునే నేలను బంజరని రాసేసిన కాగితాలు చూసిన రైతుకు ఈ వాదం కొత్త కాదు.

1908లో కాంగోను రాజు చేతి నుంచి బెల్జియం ప్రభుత్వం తీసుకుంది. 1913లో సంఘం పని ముగించింది. అయితే వలస పాలన పోలేదు, బలవంతపు చాకిరీ పూర్తిగా ఆగలేదు. యజమాని మారాడంతే.

మోరెల్ మొదటి ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకించి 1917లో జైలుకెళ్లాడు. 1922లో డండీలో లేబర్ అభ్యర్థిగా చర్చిల్‌నే ఓడించాడు. 1924లో చనిపోయాడు. ఆయన లోపాన్నీ మనం దాచకూడదు. 1920లో జర్మనీలో ఉన్న ఆఫ్రికా సిపాయిల మీద జాతి ద్వేషంతో రాశాడు. ఏ జనం కోసం పోరాడాడో వాళ్లను తనతో సమానులుగా చూడలేకపోయాడు.

అయినా ఆయన పని నుంచి మనం నేర్చుకోవలసింది ఉంది. దొర ఎంత తియ్యగా మాట్లాడినా, ఏం పోయింది, ఏం వచ్చింది అని లెక్క అడగాలి. ఆ లెక్క రైతే చదవగలిగిన నాడు ఎవరి దయా అక్కర్లేదు.