పెన్షన్ మీద బతికిన చిత్రకారుడు – హెన్రీ రూసో

పదవీ విరమణ సభలో దండలు వేస్తారు, శాలువా కప్పుతారు, ఇక మీదట హాయిగా విశ్రాంతి తీసుకోమని దీవిస్తారు. మర్నాడు ఉదయం పది గంటలయ్యేసరికి ఏం చేయాలో తోచదు. ఈ అనుభవం మన సభ్యులలో చాలామందికి తెలిసినదే. కొందరు పురాణ కాలక్షేపంలో పడతారు, కొందరు మనవల చదువు చూస్తారు. మరికొందరు ఏనాడో అటకెక్కించిన రంగుల పెట్టె కిందికి దించి, ఇద్దరు ముగ్గురు మిత్రులను కూడగట్టుకుని బొమ్మలు వేయడం మొదలుపెడతారు. ఇలాంటి సరదా ఉండి కూడా, ఈ వయసులో మనకెందుకు, నలుగురూ నవ్వుతారేమో అని వెనుకాడే వారూ ఉంటారు. అటువంటి వారికి ధైర్యం చెప్పగల జీవితం ఒకటి ఉంది. ఆయన మనలాగే ఉద్యోగం చేసి, పెన్షన్ పుచ్చుకున్న వ్యక్తి. పేరు హెన్రీ రూసో. ఫ్రెంచి విప్లవానికి ముందున్న తత్వవేత్త రూసో వేరు, ఈయన వేరు.

హెన్రీ రూసో 1844 మే 21న ఫ్రాన్సు దేశపు వాయవ్య భాగంలోని లావాల్ అనే ఊళ్ళో జన్మించాడు. తండ్రి రేకు సామాన్లు చేసి అమ్మేవాడు. కుర్రవాడి చిన్నతనంలోనే తండ్రి అప్పులపాలై ఇల్లు పోగొట్టుకున్నాడు. బడిలో హెన్రీ లెక్కలలో గాని, తక్కిన చదువులో గాని గట్టివాడు కాదు. బొమ్మలు గీయడం, పాట పాడడం మాత్రం ఇష్టంగా చేసేవాడు. చిత్రకళ నేర్పించే స్తోమతు ఇంట్లో లేదు. ఒక లాయరు దగ్గర గుమాస్తాగా చేరి, అక్కడ కొద్దిపాటి సొమ్ము, తపాలా బిళ్ళలు తీసుకున్నందుకు నెల రోజులు జైలుశిక్ష అనుభవించాడు. ఆ చిక్కులోనే ఏడేళ్ళ ఒప్పందం మీద సైన్యంలో చేరాడు. 1868లో తండ్రి మరణించడంతో, తల్లిని పోషించవలసిన బాధ్యత తన మీద పడి, సైన్యం నుంచి బయటకు వచ్చి పారిస్ చేరాడు. మరుసటి సంవత్సరం క్లెమాన్స్ అనే యువతిని వివాహం చేసుకున్నాడు.

1871లో ఆయనకు పారిస్ నగర సుంకాల శాఖలో రెండో తరగతి గుమాస్తా ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లో పారిస్ నగరంలోకి వచ్చే సారాయానికి, ధాన్యానికి, తక్కిన సరుకులకు పొలిమేరలోనే సుంకం కట్టాలి. దాన్నే ఆక్ట్రాయి అంటారు. నిజాం ఏలుబడిలో మన తెలంగాణలో కరోడ్‌గిరీ నాకాలు ఉండేవి. వాటి సంగతి పెద్దల నోట విన్నవారికి ఈ ఉద్యోగం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు. నగర ద్వారాల దగ్గర, సేన్ నది రేవుల్లో, ఎండనక వాననక నిలబడి బండ్లు తనిఖీ చేయడం, రసీదులు రాయడం, దొంగ సరుకు రాకుండా కాపలా కాయడం ఆయన పని. రెండు దశాబ్దాలు దాటి అందులోనే ఉన్నాడు. పెద్ద ప్రమోషనేమీ రాలేదు. తను పనిచేసిన లాంటి సుంకం గేటు ఒకదాన్ని ఆయన బొమ్మగా వేశాడు. అది ఇప్పుడు లండన్‌లోని కోర్టాల్డ్ చిత్రశాలలో ఉంది.

డ్యూటీ లేని వేళల్లో ఆయన బొమ్మలు వేసేవాడు. గురువు లేడు. 1884లో, ఇరుగుపొరుగున నివసించే ఫెలిక్స్ క్లెమాన్ అనే పేరున్న చిత్రకారుడి సహాయంతో, లూవ్ర్ మొదలైన ప్రభుత్వ మ్యూజియాలలో కూర్చుని పాత చిత్రాలకు నకళ్ళు వేసుకునే అనుమతి పత్రం సంపాదించాడు. అప్పటికి ఆయన వయసు 40. ఆయనకు బడి, గురుకులం అన్నీ ఆ మ్యూజియాలే అయ్యాయి.

అదే 1884లో పారిస్‌లో కొందరు చిత్రకారులు ఒక సంఘం పెట్టుకున్నారు. వారి ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు ఉండరు, బహుమతులు ఉండవు. రుసుము కట్టిన వారెవరైనా తమ చిత్రాలు పెట్టుకోవచ్చు. దాన్నే స్వతంత్రుల ప్రదర్శన అన్నారు. రూసో వంటి వారికి ఇది వరమైంది. 1886లో ఆయన తన చిత్రాలు అక్కడ పెట్టాడు. అది మొదలు మరణించే దాకా, ఒకటి రెండు సంవత్సరాలు తప్ప, ప్రతి ఏటా ఆయన చిత్రాలు అక్కడ వేలాడాయి.

వేలాడాయి గాని, మెప్పు రాలేదు. కొలతలు కుదరవు, దూరం దగ్గర తేడా తెలియదు, మనుషులు కొయ్యబొమ్మల్లా బిగుసుకుని నిలబడతారు అని పత్రికలు ఎగతాళి చేశాయి. ఆయన చిత్రాల ముందు జనం గుమిగూడి నవ్వుకునేవారు. 1891లో ఆయన తుఫానులో చిక్కిన పులి బొమ్మ పెట్టినప్పుడు మాత్రం, ఫెలిక్స్ వాలొతాన్ అనే యువ చిత్రకారుడు పత్రికలో మెచ్చుకుంటూ రాశాడు. ఆ పులి ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. తన మీద వచ్చిన రాతలను రూసో కత్తిరించి ఒక పుస్తకంలో అంటించుకునేవాడు. తిట్టినవి కూడా అందులో ఉండేవి.

ఇంట్లో సుఖం కూడా అంతంతమాత్రమే. పుట్టిన బిడ్డలలో చాలామంది పసితనంలోనే పోయారు. భార్య క్లెమాన్స్ 1888లో కన్నుమూసింది. ఎదిగిన కొడుకు కూడా 1897లో చనిపోయాడు. తరువాత చేసుకున్న రెండో భార్య 1903లో మరణించింది. చివరకు మిగిలింది జూలియా అనే కూతురు ఒక్కతే.

1893లో, 49వ ఏట, రూసో ఉద్యోగం నుంచి విరమించాడు. పెన్షన్ ఏడాదికి సుమారు వెయ్యి ఫ్రాంకులు. అది చాలదు. అందుకని ఫిడేలు పాఠాలు చెప్పాడు, వీధుల్లో ఫిడేలు వాయించాడు, చిన్న చిన్న పనులు చేశాడు. శ్రామికులకు ఉచితంగా చదువు చెప్పే ఒక సంస్థలో చిత్రలేఖనం నేర్పాడు. అద్దె బాకీలు, రంగుల దుకాణంలో బాకీలు ఎప్పుడూ ఉండేవి. అయినా రంగులు కొనడం మానలేదు. ఆయన వేసిన గొప్ప చిత్రాలలో ఎక్కువ భాగం ఈ పెన్షన్ కాలంలోనివే. 1897లో వేసిన 'నిద్రిస్తున్న జిప్సీ' అందులో ఒకటి. వెన్నెల రాత్రి ఎడారిలో ఒక స్త్రీ నిద్రపోతూ ఉంటుంది, పక్కన ఒక సింహం నిలబడి ఉంటుంది. ఆ చిత్రాన్ని ఆయన మరుసటి ఏడాది సొంత ఊరు లావాల్ మేయరుకు, సుమారు రెండేళ్ళ పెన్షన్ ధరకు ఇవ్వజూపాడు. ఊరు వద్దనేసింది. 1939 నుంచి అది న్యూయార్కు ఆధునిక కళల మ్యూజియంలో ఉంది.

ఆయన పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేవి అడవి చిత్రాలు. దట్టమైన ఆకులు, మనిషంత పూలు, చెట్ల మాటున పులులు, కోతులు. ఇవి పాతిక దాకా ఉన్నాయి. వీటిలో చాలా వాటిని ఆయన 60 ఏళ్ళు నిండాకే వేశాడు. తాను సైన్యంలో ఉండగా మెక్సికో వెళ్ళి ఆ అడవులు చూశానన్నట్టు మిత్రులకు చెప్పేవాడు. నిజానికి ఆయన ఫ్రాన్సు దాటి వెళ్ళనే లేదు. ఆ ఆకులు పారిస్ వృక్షశాస్త్ర ఉద్యానంలోని అద్దాల ఇళ్ళలో చూసినవి. జంతువులు మ్యూజియంలో గడ్డి కూరి నిలబెట్టినవి, పిల్లల బొమ్మల పుస్తకంలో అచ్చయినవి. నాలుగు అడుగుల గదిలో కూర్చుని, ఉద్యోగంలో అలవడిన ఓపికతో ఒక్కొక్క ఆకునూ విడివిడిగా దిద్దుకుంటూ ఆయన అంత అడవిని పెంచాడు. 1907లో వేసిన 'పాములాడించే స్త్రీ' తరువాత లూవ్ర్ సంపదలో చేరింది, ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

ఇక మిత్రుల సంగతి. మొదట దగ్గరైనవాడు ఆల్‌ఫ్రెడ్ జారీ అనే యువ రచయిత, లావాల్ వాడే. రూసోకు సుంకాల అధికారి అనే అర్థం వచ్చే ముద్దుపేరు పెట్టింది ఆయనేనంటారు. నిజానికి రూసో అధికారి కాదు, గుమాస్తా. అయినా ఆ పేరే లోకంలో నిలిచింది. 1907 ప్రాంతం నుంచి రూసో పారిస్‌లోని పెరెల్ వీధిలో తన ఒంటి గదిలో శనివారం సాయంకాలాలు చిన్న సభలు జరిపేవాడు. కార్యక్రమ పత్రం స్వయంగా రాసేవాడు. వీధిలోని చిల్లర దుకాణదారులు, ఆయన దగ్గర పాఠాలు నేర్చుకునే పిల్లలు, వారి తల్లిదండ్రులు ఒక పక్క కూర్చునేవారు. పికాసో, రాబర్ట్ డెలానే, కవి అపోలినేర్, శిల్పి బ్రాంకుసీ వంటి యువ కళాకారులు వారి మధ్యనే సర్దుకునేవారు. రూసో ఫిడేలు వాయించేవాడు, పిల్లల చేత పాడించేవాడు. చుట్టూ గోడలకు ఆరీ ఆరని చిత్రాలు. వచ్చినవాడు గొప్పవాడా సామాన్యుడా అనే తేడా ఆ గదిలో ఉండేది కాదు.

1908లో పికాసో పాతసామాను కొట్టులో రూసో వేసిన ఒక స్త్రీ చిత్రం చూశాడు. ఆ కొట్టువాడు దాన్ని, మీద వేరే బొమ్మ వేసుకోవడానికి పనికొచ్చే పాత కాన్వాసుగా, అయిదు ఫ్రాంకులకు అమ్మాడు. పికాసో ఆ చిత్రాన్ని చనిపోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ నవంబరులో రూసో గౌరవార్థం తన గదిలో విందు ఏర్పాటు చేశాడు. తేదీ తారుమారై, హోటలుకు పురమాయించిన భోజనం రాలేదు. ఇంట్లో వండిన అన్నంతోనే సరిపెట్టారు. పెట్టె మీద కుర్చీ వేసి సింహాసనంలా చేసి 64 ఏళ్ళ ముసలాయన్ను కూర్చోబెట్టారు. పైనున్న దీపం నుంచి మైనం బొట్లు బొట్లుగా నెత్తిన పడుతున్నా ఆయన కదలకుండా, పరమానందంగా కూర్చున్నాడు. తరువాత ఫిడేలు తీసి, చనిపోయిన మొదటి భార్య పేరిట తాను కట్టిన వరుస వాయించాడు. ఆ విందు నిజమైన సన్మానమా, కుర్రకారు వేళాకోళమా అనే చర్చ ఈనాటికీ ఉంది. రెండూ కొంత కొంత ఉండి ఉండవచ్చు. కాని ఆయన మాత్రం దాన్ని సన్మానంగానే స్వీకరించాడు. అక్కడున్న వారిలో చాలామంది తరువాతి కాలంలో ఆయనను గురువులా తలచుకున్నారు.

ఆయన లోపాలు కూడా చెప్పాలి. 1907లో ఒక పరిచయస్థుడి మాట విని బ్యాంకు మోసంలో ఇరుక్కున్నాడు. 1909 జనవరిలో జరిగిన విచారణలో, ఈయన ఎంత అమాయకుడో చూడండంటూ ఆయన తరఫు లాయరు ఆయన చిత్రాలనే కోర్టుకు చూపించాడు. శిక్ష పడింది గాని, అమలు చేయకుండా వదిలేశారు. తన జీవితాన్ని ధారపోసిన పనిని, తనను విడిపించడానికి నవ్వులాటగా చూపించవలసి రావడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఆ తరువాత కూడా ఆయన కుంచె దించలేదు. ఆ ఏడాదే అపోలినేర్, ఆయన స్నేహితురాలి చిత్రం వేశాడు. దర్జీలాగా టేపుతో కవి ముక్కు, నోరు, చెవులు కొలిచి మరీ వేశాడు. ముందువైపు వేయదలచిన పూలకు బదులు వేరే జాతి పూలు పడ్డాయని తెలిసి, మళ్ళీ మొదటి నుంచి రెండో చిత్రం వేశాడు.

1910 వసంతంలో 'స్వప్నం' అనే పెద్ద అడవి చిత్రం ప్రదర్శించాడు. అప్పటికి నవ్వే వారు తగ్గారు. ఆ సెప్టెంబరు 2న, కాలికి పట్టిన పుండు ముదిరి, పారిస్‌లో నెకేర్ ఆసుపత్రిలో మరణించాడు. అంత్యక్రియలకు వచ్చినవారు ఏడుగురు. పేదలను పూడ్చే చోట పూడ్చారు.

మిత్రులు మాత్రం ఆయనను అక్కడ వదలలేదు. డెలానే, అపోలినేర్, రూసో అద్దెకున్న ఇంటి యజమాని కలిసి సొమ్ము వేసుకుని ఆయనకు వేరే సమాధి స్థలం కొన్నారు. అపోలినేర్ రాసిన కవితను బ్రాంకుసీ 1913లో ఆ రాతి మీద చెక్కాడు. అమెరికన్ చిత్రకారుడు మాక్స్ వెబర్ తాను వెంట తీసుకువెళ్ళిన రూసో చిత్రాలను, ఆయన పోయిన ఏడాదే న్యూయార్కులో ప్రదర్శింపజేశాడు. 1911లో స్వతంత్రుల ప్రదర్శనలో ఆయన చిత్రాలకు ప్రత్యేక స్థానం ఇచ్చారు. 1947లో ఆయన అస్థికలను లావాల్ పట్టణపు ఉద్యానానికి తరలించారు. ఒకప్పుడు ఆయన చిత్రం వద్దన్న ఆ ఊళ్ళోనే 1967లో, చదువు లేకుండా సొంతంగా బొమ్మలు నేర్చుకున్న చిత్రకారుల కోసం ఒక మ్యూజియం వెలిసింది.

మనం రంగులు పట్టుకున్నంత మాత్రాన మన బొమ్మలు మ్యూజియాలకు ఎక్కవు. ఎక్కవలసిన అవసరమూ లేదు. ఆ కీర్తి రూసోకు కూడా బతికుండగా అందలేదు. బతికుండగా ఆయనకు దక్కినవి రెండే: ఉదయం లేవగానే చేయడానికి ఒక పని, శనివారం సాయంకాలం గది నిండా మనుషులు. భార్యలను, బిడ్డలను పోగొట్టుకుని, చాలీచాలని పెన్షన్‌తో బతికిన మనిషిని ఆ రెండే నిలబెట్టాయి. మన కాలనీలలో కూడా నలుగురు కూడి వారానికొక సాయంకాలం ఒక వరండాలో కూర్చుని బొమ్మలు వేసుకోవడానికి పెద్ద ఖర్చు కాదు. పిల్లల రంగుల పెట్టె, నాలుగు డ్రాయింగు కాగితాలు, ఇంటావిడ ఇచ్చే కాఫీ ఉంటే సరిపోతుంది. బాగా రాలేదని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. పాతికేళ్ళు నవ్వించుకుని కూడా ఆ సుంకం గుమాస్తా మర్నాడు ఉదయం మళ్ళీ ఆకులు దిద్దుకుంటూ కూర్చున్నాడు.