ఉల్లాస్కర్ దత్తా: కొలత తెలియని మందు, కొలవలేని శిక్ష

సెల్యులార్ జైలు చరిత్రలో వినబడే పేర్లలో ఉల్లాస్కర్ దత్తా పేరు తెలుగు పాఠకులకు అంతగా పరిచితం కాదు. అండమాన్ అనగానే మనకు సావర్కర్ సోదరులు, బారీంద్ర కుమార్ ఘోష్, రంప పితూరీలో శిక్షపడిన మన్యం వీరులు జ్ఞప్తికి వస్తారు. అయితే వంగదేశపు విప్లవకారుల తొలి తరంలో ప్రేలుడు పదార్థాలను స్వయంగా తయారుచేసినవాడు, ఉరిశిక్ష తీర్పు విని పాట పాడినవాడు, ద్వీపాంతరవాసంలో మతి చలించి తన శిక్షాకాలంలో అధికభాగాన్ని మద్రాసు పిచ్చాసుపత్రిలో గడిపినవాడు ఉల్లాస్కర్. ఆయన జీవితం మన ప్రాంతానికి అనుకున్నదానికన్నా దగ్గరిది.

1885 ఏప్రిల్ 16న నేటి బంగ్లాదేశ్‌లోని బ్రాహ్మణ్‌బారియా ప్రాంతంలో, కాలీకచ్ఛ గ్రామంలో ఆయన జన్మించారు. తండ్రి ద్విజదాస్ దత్తా బ్రహ్మసమాజీకులు, ఇంగ్లండులో వ్యవసాయశాస్త్రం అభ్యసించి వచ్చిన పండితులు, హౌరా సమీపాన ఉన్న శిబ్‌పూర్ ఇంజనీరింగ్ కళాశాలలో అధ్యాపకులు. కుమారుడు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. బెంగాలీలను కించపరుస్తూ మాట్లాడిన రస్సెల్ అనే ఆంగ్లేయ ఆచార్యునిపై చేయి చేసుకోవడంతో కళాశాల జీవితం అక్కడితో ముగిసింది. 1905 నాటి వంగ విభజన ఆందోళన ఆ యువకుణ్ణి వీథిలోకి లాగింది. మురారిపుకుర్ తోటలో బారీంద్రుడు నడుపుతున్న రహస్య బృందంలో చేరేనాటికే ఆయన రసాయనశాస్త్ర గ్రంథాలు చదివి, శిబ్‌పూర్‌లోని ఇంట్లోనే ప్రయోగాలు చేసి ఉన్నారు.

సహచరుల స్మృతుల్లో కనిపించే ఉల్లాస్కర్ మనం ఊహించుకునే గంభీర విప్లవకారుడు కాడు. నవ్వించేవాడు, ఇతరుల గొంతులను అనుకరించేవాడు, పెదవి కదపకుండా మాట్లాడే విద్య తెలిసినవాడు, చక్కగా పాడేవాడు. తోటలో గీతాపఠనం, ధ్యానం, ఒంటిపూట భోజనం సాగుతున్న నడుమ ఆయన చేరిన చోట నవ్వులు పుట్టేవట. పేరుకు తగిన మనిషి.

ఆ బృందానికి సంకల్పం ఉంది, సాహసం ఉంది. లేనిది కొలత. 1907 డిసెంబరు 6న నారాయణ్‌గఢ్ వద్ద బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ ఆండ్రూ ఫ్రేజర్ ప్రయాణిస్తున్న రైలు కింద మందుపాతర పేల్చారు. పట్టాలు దెబ్బతిన్నాయి, ప్రయాణికులెవ్వరికీ ప్రాణాపాయం కలుగలేదు. ఆ పేలుడుతో ఏ సంబంధమూ లేని రైల్వే కూలీలను పోలీసులు పట్టుకొని, వారి చేత నేరం ఒప్పించి, శిక్షలు వేయించారు. అసలు కథ మరుసటి ఏడాది బయటపడ్డాకగాని వారి నిర్దోషిత్వం తేలలేదు. విప్లవచరిత్ర గ్రంథాల్లో ఆ కూలీలకు దక్కిన చోటు ఒకటి రెండు వాక్యాలే.

1908 తొలి నెలల్లో ఐదుగురు యువకులు దేవ్‌ఘర్ సమీపాన దిఘిరియా కొండ ఎక్కారు. బారీంద్రుడు, ఉల్లాస్కర్, ప్రఫుల్ల చక్రవర్తి, విభూతిభూషణ్ సర్కార్, నళినీకాంత గుప్త. కొత్తగా తయారుచేసిన బాంబును పరీక్షించడం వారి ఉద్దేశం. విసరవలసినవాడు ప్రఫుల్లుడు, పక్కన నిలుచున్నవాడు ఉల్లాస్కర్. నేలను తాకిన తరువాత పేలుతుందనుకున్న బాంబు చేయి వదిలిన మరుక్షణమే గాలిలో పేలిపోయింది. ప్రఫుల్ల చక్రవర్తి అక్కడికక్కడే మరణించాడు. ఉల్లాస్కర్ తీవ్రంగా గాయపడ్డారు. దహనం చేస్తే పొగ కనబడుతుంది, పూడ్చడానికి పనిముట్లు లేవు. స్నేహితుని దేహాన్ని ఆ కొండ మీదనే విడిచి, గాయపడినవాణ్ణి తీసుకొని నలుగురూ దిగివచ్చారు. ముజఫర్‌పూర్ ఘటనలోని ప్రఫుల్ల చాకీ వేరు, ఇతడు వేరు. పేర్లు ఒకటే కావడంతో ఈ తొలి మరణం తరచు మరుగున పడుతోంది.

ఇదే కాలంలో, ఆ తోటకు కొద్ది మైళ్ల దూరంలో, ఇదే శాస్త్రం మరో విధంగా అమలవుతూ ఉండేది. ఇషాపూర్‌లో ప్రభుత్వ తుపాకుల కర్మాగారం 1904లో ఉత్పత్తి ప్రారంభించింది. అంతకు పూర్వమే డమ్‌డమ్ ఆయుధాగారం తూటాలకు ప్రపంచమంతటా పేరుమోసింది. నీలగిరుల్లోని అరువంకాడులో కార్డైట్ మందు తయారయ్యేది. నాటి సైనికుని .303 రైఫిల్‌లో తూటా పేలినప్పుడు దాని గదిలో చదరపు అంగుళానికి సుమారు 18, 19 టన్నుల పీడనం పుడుతుంది. 1910లో వచ్చిన ఏడవ నమూనా తూటా సెకనుకు 2440 అడుగుల వేగంతో వెలువడేది. ఆ వేగాన్ని ఇచ్చేది పీడనమే, హద్దు దాటితే తుపాకీని చీల్చి, పట్టుకొన్నవాని ముఖాన్ని ఛిద్రం చేసేదీ పీడనమే. అందుచేత కొత్త రైఫిల్‌ను సైనికునికి ఇచ్చే ముందు మామూలుకన్నా అధిక పీడనమిచ్చే ప్రత్యేక తూటాతో, మనిషి దూరంగా ఉండి పేల్చి పరీక్షించేవారు. పీడనాన్ని లెక్కించడానికి చిన్న రాగి దిమ్మెను అమర్చి, పేలుడుకు అది ఎంతమేర అణగిందో చూసి టన్నుల్లో చెప్పేవారు. రాగి అబద్ధం చెప్పదని కాదు, ప్రతిసారీ ఒకే తీరుగా చెబుతుందని ఆ ఏర్పాటు.

మందు రెట్టింపైతే పీడనం రెట్టింపవుతుందని సామాన్యుని లెక్క. వాస్తవం అంతకన్నా కఠినమైనది. బిగించిన గదిలో పీడనం పెరిగేకొద్దీ మందు మరింత త్వరగా మండుతుంది, త్వరగా మండేకొద్దీ పీడనం ఇంకా పెరుగుతుంది. గరిష్ఠ పరిమితికి చేరువలో పిడికెడు కాదు, చిటికెడు ఎక్కువైనా ముప్పు తప్పదు. చట్టం అనుమతించే దేశాల్లో తూటాలను సొంతంగా నింపుకొనే గురికాండ్రు నేటికీ పాటించే నియమాలన్నీ ఇక్కడినుంచి పుట్టినవే. ప్రతి తూటాకూ మందు తూచడం, ప్రచురిత పట్టికలోని తక్కువ మోతాదుతో ఆరంభించడం, ఒక రకం మందును మరొక రకంతో పొరబడకుండా బల్ల మీద ఒక్క డబ్బానే ఉంచడం, పేలిన తూటా అడుగు చదునుగా నలిగినా, రైఫిల్ బోల్టు బిగుసుకొన్నా అక్కడితో ఆపివేయడం. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా తయారీ 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

తుపాకీ మందు మండుతుంది, బాంబులోని పదార్థం విస్ఫోటిస్తుంది. రెండింటి స్వభావమూ వేరే. అయినప్పటికీ దిఘిరియా కొండ మీద కొరవడినవి ఆ కర్మాగారాల్లో ఉన్నవే. పరీక్షించే పరికరం లేదు, రక్షణకు గోడ లేదు, దూరం లేదు. గ్రంథజ్ఞానానికీ చేతిలోని వస్తువుకూ నడుమ ఉన్న అగాధాన్ని ఒక యువకుని దేహం పూడ్చవలసివచ్చింది. పారిస్‌లో ప్రేలుడు విద్య అభ్యసించిన హేమచంద్ర కానుంగో తిరిగివచ్చిన తరువాత బృందం పనితనం మెరుగుపడిందని చరిత్రకారులు చెబుతారు. ఫలితం మాత్రం మెరుగుపడలేదు. 1908 ఏప్రిల్ 30న ముజఫర్‌పూర్‌లో జడ్జి కింగ్స్‌ఫర్డ్ కోసం ఖుదీరాం బోస్, ప్రఫుల్ల చాకీ విసిరిన బాంబు పొరపాటున వేరొక బండి మీద పడింది. న్యాయవాది ప్రింగిల్ కెన్నెడీ భార్య, కుమార్తె మృతిచెందారు. బాంబు ఈసారి పేలవలసినట్లే పేలింది. గురి తప్పింది.

మే 2న పోలీసులు మురారిపుకుర్ తోటను చుట్టుముట్టారు. పట్టుబడిన ఉల్లాస్కర్ తన పాత్రను దాచలేదు. హారిసన్ రోడ్డులోని ఒక ఇంట్లో తాను ఉంచిన పెట్టెల్లో ఏమున్నదో ఆ ఇంటివారికి తెలియదని వాంగ్మూలమిచ్చారు. తన మాట వలన నిరపరాధులు బయటపడతారన్న ఆశే ఆ ఒప్పుకోలుకు ముఖ్యకారణంగా కనిపిస్తుంది. ఆ వెనువెంటనే, 1908 జూన్‌లో, ప్రభుత్వం ప్రేలుడు పదార్థాల చట్టాన్ని తెచ్చింది. మురారిపుకుర్ నీడలో పుట్టిన ఆ చట్టం స్వతంత్ర భారతంలోనూ అమలులోనే ఉంది.

అలీపూర్ బాంబు కేసులో రెండు వందల మందికి పైగా సాక్షులను విచారించారు. 1909 మే 6న జడ్జి బీచ్‌క్రాఫ్ట్ తీర్పు వెలువరించారు. అరవింద ఘోష్ విడుదలయ్యారు. బారీంద్రునికీ ఉల్లాస్కర్‌కూ ఉరిశిక్ష పడింది. తీర్పు విన్న ఉల్లాస్కర్ న్యాయస్థానంలోనే రవీంద్రుని దేశభక్తి గీతం ఆలపించారు. అదే ఏడాది నవంబరులో హైకోర్టు ఉరిని యావజ్జీవ ద్వీపాంతరవాసంగా మార్చింది. ఆయన అండమాన్ ఓడ ఎక్కారు.

1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు అప్పటికి కొత్త కట్టడం. నడుమ గోపురం, దాని చుట్టూ చక్రపు ఆకుల్లా ఏడు మూడంతస్తుల భవనాలు, దాదాపు ఏడు వందల ఒంటరి గదులు. ఒక గది కిటికీ మరొక గదికి ఎదురుపడదు. ఎద్దులకు బదులు మనుషులను గానుగకు కట్టి రోజుకు 30 పౌనుల కొబ్బరినూనె తీయించేవారు. జైలర్ డేవిడ్ బారీ మాటే అక్కడ శాసనం. కొంతకాలానికి ఉల్లాస్కర్‌ను జైలు వెలుపల ఇటుకల పనికి పంపారు. ఎండలో మట్టి తవ్వడం, మోయడం. ఒకనాడు ఆయన ఇక చేయనన్నారు. రాజకీయ ఖైదీని పశువుగా చూడడానికి తాను సమ్మతించనన్న నిరాకరణ అది.

తిరిగి జైలులో పెట్టారు. నిలువుబేడీలు వేశారు. రెండు చేతులనూ తలకన్నా ఎత్తున గోడకు బిగించి రోజంతా నిలబెట్టే శిక్ష అది. 1912 జూన్‌లో, తీవ్రజ్వరంతో, స్పృహలేని స్థితిలో ఆయన బేడీలకు వేలాడుతూ కనబడ్డారు. అప్పటికి కొన్ని వారాల ముందే, ఏప్రిల్‌లో, సహఖైదీ ఇందుభూషణ్ రాయ్ తన గదిలో ఉరివేసుకొని మరణించాడు. ఉల్లాస్కర్ నటిస్తున్నాడేమోనని అధికారులు అనుమానించారు. వైద్యం పేరిట విద్యుత్ బ్యాటరీతో శరీరానికి షాకులిచ్చారు. తరువాత ద్వీపంలోని పిచ్చాసుపత్రికి పంపారు. ఎత్తయిన కేకలు, లేనివారిని చూసి మాట్లాడడం, నడుమనడుమ పాటలు. నవ్వించిన గొంతు పక్క గదుల ఖైదీలకు నిద్ర లేకుండా చేసింది.

మలేరియా జ్వరం వలన మతి చలించిందని ప్రభుత్వం ప్రకటించింది. తండ్రి ద్విజదాస్ అర్జీ మీద అర్జీ పంపారు. ఆయనకు అందినవి పొడి సమాధానాలు. జైలు గోడలు దాటి రహస్యంగా వెలువడిన లేఖ కలకత్తాలో సురేంద్రనాథ్ బెనర్జీ పత్రిక బెంగాలీలో అచ్చయిన తరువాతనే దేశానికి సంగతి తెలిసింది. శాసనసభలో ప్రశ్నలు లేచాయి. 1913 చివరలో హోం సభ్యుడు సర్ రెజినాల్డ్ క్రాడక్ స్వయంగా అండమాన్ వెళ్లారు. ఆ మరుసటి ఏడాది కొందరు ఖైదీలను ప్రధాన భూభాగపు జైళ్లకు మార్చారు. ఒకని మతి పోతేగాని మరికొందరికి గానుగ తప్పలేదు.

ఉల్లాస్కర్‌ను 1913లో మద్రాసు పిచ్చాసుపత్రికి తరలించారు. 1920లో క్షమాభిక్ష లభించేవరకు, సుమారు ఏడేళ్లు ఆయన అక్కడే ఉన్నారు. అండమాన్‌లో గడిపినది అందులో సగం కాలమే. అదే 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. తెలుగువారు మద్రాసు నుంచి విడివడే ఆలోచన మొదలుపెట్టిన సంవత్సరాల్లో, అదే నగరంలోని కీల్పాక్‌లో వంగదేశపు ఖైదీ ఒకడు తన్ను తాను తిరిగి కూడదీసుకొనే ప్రయత్నంలో ఉన్నాడు. మన స్వాతంత్ర్య చరిత్రలు ఆ ఏడేళ్లను ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

విడుదలైన తరువాత ఆయన తన జైలు జీవితాన్ని బెంగాలీలో గ్రంథస్థం చేశారు. అందులో కసి తక్కువ. తనకు కలిగిన భ్రమలను కూడా దాచకుండా వర్ణించారు. 1931లో మరొకమారు అరెస్టయి పద్దెనిమిది నెలలు జైలులో ఉన్నారు. 1947 తరువాత కాలీకచ్ఛ మరొక దేశంలో పడింది. ఆయన చాలాకాలం ఆ గ్రామంలోనే నివసించారు.

యౌవనంలో ఆయన మనసుపడిన యువతి లీల, బిపిన్ చంద్రపాల్ కుమార్తె. ఆంధ్రులకు పాల్ పేరు కొత్త కాదు. 1907 ఏప్రిల్‌లో ఆయన రాజమహేంద్రవరం, కాకినాడ, విజయవాడ, మచిలీపట్నాలలో ఉపన్యసించినప్పుడే తెలుగునాట వందేమాతరం ఉద్యమం రాజుకొంది. రాజమహేంద్రవరంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం ఆ ఉపన్యాసాలను తెనిగించారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు కళాశాల నుంచి బహిష్కృతులయ్యారు. ఆ కుమార్తెకు ఉల్లాస్కర్ ద్వీపాంతరంలో ఉండగా వేరొకరితో వివాహమైంది. కాలక్రమంలో ఆమె భర్తను కోల్పోయారు, నడవలేని స్థితికి వచ్చారు. 1948లో, తనకు అరవై మూడేళ్ల వయసులో, ఉల్లాస్కర్ ఆమెను వివాహమాడి సేవచేశారు. దంపతుల చివరి మజిలీ అస్సాంలోని సిల్చార్. 1965 మే 17న ఆయన అక్కడే కన్నుమూశారు. ఆ పట్టణంలోనూ, కోల్‌కతాలోనూ ఆయన పేరిట వీథులున్నాయి.