డాక్టరు యెల్లాప్రగడ సుబ్బారావుగారు

గ్రంథాలయ రజతోత్సవ సంచికకై ఒక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ధర్మపురి శేషప్పకవిని గూర్చియో, బమ్మెర పోతనామాత్యుని గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. పగలు చిట్టా ఆవర్జాలు వ్రాసి, రాత్రి లాంతరు వెలుగున ఆ కవుల గ్రంథములు కూడబలుకుకొన్నవాడను గనుక ఆ తలపు సహజమే. కాని ఈసారి నా మనస్సు వేరొకరిమీదికి పోయినది. వారు కవి కారు; మన జిల్లావారును కారు. బాసరయొద్ద తెలంగాణమున ప్రవేశించి, ధర్మపురిని, మంథనిని తాకి, కాళేశ్వరము దాటి పోవు గోదావరి తుదకు ఏ సీమను తడుపునో ఆ సీమవారు. వారి పేరు మన యూర పదిమందికి తెలియదు. వారి మందు చేరని యిల్లు మాత్రము అరుదు. వారికి నేనొక చిన్న బాకీ పడియున్నాను. అదియేమో చివర మనవి చేసెదను.

యెల్లాప్రగడ సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాల్గవవారు. తండ్రిగారి అనారోగ్యమువలన ఇంట లేమి తాండవించెను. పదుమూడేండ్ల ప్రాయమున వీరు, కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింతునని ఇల్లు విడిచి పోయిరి. తల్లిగారు పట్టి తెప్పించి మరల బడిలో కూర్చుండబెట్టిరి. రాజమహేంద్రవరమునను, పిదప మదరాసునను చదివి, మెట్రిక్యులేషను పరీక్ష రెండుమార్లు తప్పి, మూడవమారు హిందూ హైస్కూలునుండి గట్టెక్కిరి. పరీక్ష తప్పిన బాలురను గద్దించు తండ్రులు చూచుటకై ఈ వాక్యమును పెద్ద అక్షరములతో అచ్చొత్తింపుడని సంపాదకులను కోరితిని. వారు ఒప్పుకొనలేదు.

మదరాసులో రామకృష్ణ మఠమువారి సాంగత్యమున సన్న్యాసమువైపు మనస్సు పోయెను. తల్లిగారు అనుమతింపలేదు. అంతట వైద్యవిద్యలో చేరిరి. 1919వ సంవత్సరమున కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారితో వివాహము జరిగెను. చదువునకు మామగారి చేయూత లభించెను. అవి గాంధీమహాత్ముని ఉద్యమదినములు. శస్త్రచికిత్స నేర్చుకొను వేళ సుబ్బారావుగారు ఖద్దరు దుస్తులనే ధరించిరి. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది కంటగింపైనది. ఫలితముగా వీరికి ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు దానికన్న తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టము దక్కెను. ఆ పట్టముతో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము చెప్పుచుండిరి.

ఆ కాలముననే వారి జీవితమును మలుపు త్రిప్పిన సంఘటన జరిగినది. సోదరులిద్దరు కొలది దినముల ఎడముతో మరణించిరి. వ్యాధి పేరు స్ప్రూ. మనవారు గ్రహణి యని వ్యవహరించునట్టిది. ఈ రోగమున మనుష్యుడు అన్నము తినుచునే కృశించును. నెత్తురు పాలిపోవును, విరేచనములు కట్టుబడవు. కంచములోని అన్నము కడుపులోనికి పోయినది. కడుపునుండి దేహమునకు పోలేదు. మధ్యలో ఎక్కడనో ద్వారము మూసికొన్నది. ఆ ద్వారమేదో తెలిసికొన్నగాని సుబ్బారావుగారి శ్రమ మనకు అర్థముకాదు; కావున కథను ఒకింత నిలిపెదను.

మన దేహమంతయు జీవకణముల సముదాయము. కణమనగా కంటికి కానరాని చిన్న గది. నడుమ కేంద్రకము, చుట్టును జిగురువంటి ద్రవము, అందు తమతమ పనులు చేసికొను చిన్న చిన్న అంగములు, వెలుపల ఒక పొర. ఆ పొర మందము మిల్లీమీటరులో లక్షవ వంతుకైన చాలదు. అది రెండు వరుసల క్రొవ్వు అణువులతో నేసినదని 1925వ సంవత్సరమున హాలండు దేశపు శాస్త్రజ్ఞులు ఎఱ్ఱరక్తకణములను పరీక్షించి ఊహించిరి. ఆ క్రొవ్వునందు అక్కడక్కడ మాంసకృత్తులు ద్వారములవలె అమరియుండును. ప్రేగు లోపలి గోడ ఇట్టి కణములతో, మఖమలు గుడ్డ నూగువలె సన్నని మొలకలుగా ఏర్పడినది. గ్రహణి రోగమున ఆ నూగు అరిగిపోయి కణములు చెడును. అన్నసారమును లోనికి తీసికొనువారు లేకపోవుదురు.

ఈ పొరను వస్తువులు దాటు విధములు ముఖ్యముగా రెండు. మన చెరువును తలచుకొనుడు. తూము ఎత్తినచో నీరు తనంత తాను పొలమునకు దిగును, మోయువారు అక్కరలేదు. ప్రాణవాయువు కణములోనికి పోవుట ఇట్టిదే: ఎక్కువ యున్నచోటినుండి తక్కువ యున్నచోటికి. నీరును అంతే, ఉప్పు దట్టముగా నున్నవైపునకు అది నడచును. మామిడిముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెట్టినచో తెల్లవారునప్పటికి ఊట నిలుచుట మన ఆడువారందరు ఎఱిగినదే. ముక్కలోని కణముల పొరలు దాటి వచ్చిన నీరే ఆ ఊట. ఇది మొదటి విధము.

బావినుండి నీరు పైకి రావలెనన్న తూము చాలదు. మోట కట్టవలెను, ఎడ్లు కావలెను, ఎడ్లకు మేత కావలెను. మోట నెఱుగని పిల్లలు బోరు మోటారును, దానికి కావలసిన కరెంటును తలచుకొందురుగాక. కణములోపల పొటాషియము ఎక్కువగాను, సోడియము తక్కువగాను ఉండవలెను. సోడియమో, ఎల్లవేళల లోనికి కారుచుండును. దానిని పల్లమునుండి మెరకకు తోడిపోయుట ప్రతికణమునందును రేయింబవళ్లు ఆగని పని. ప్రేగులోని చక్కెరయు సోడియము చేయి పట్టుకొనియే కణములోనికి ప్రవేశించును. ఎండదెబ్బకో, వాంతివిరేచనములకో చిక్కినవారికి ఉప్పును చక్కెరను కలిపి త్రాగించుటలోని రహస్యమదియే. ఇంత తోడిపోతకు ఎడ్లెక్కడివి, మేత యెక్కడిది? ఈ ప్రశ్నకు జవాబులో సగము మన భీమవరము బిడ్డ పరీక్షనాళికలో దొరకినది.

సోదరుల మరణానంతరము సుబ్బారావుగారు మామగారి సహాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థవారి చేయూతతోను అమెరికాకు బయలుదేరి, బోస్టను చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల శాస్త్రము చదివిరి. ఖర్చులకై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి. పిమ్మట సైరస్ ఫిస్క్ అను ఆచార్యునియొద్ద జీవరసాయన శాఖలో చేరిరి.

అక్కడ వారు చేసిన మొదటి పని నావంటి లెక్కలవానికి మిక్కిలి ప్రియమైనది. దేహద్రవములలో భాస్వరము ఎంత యున్నదో తేల్చుటకు నాడు సుకరమైన మార్గము లేకుండెను. ఫిస్కు సుబ్బారావులు ఒక పద్ధతిని కనిపెట్టిరి. ద్రవమున కొన్ని మందులు కలిపినచో నీలివర్ణము పుట్టును. నీలము ఎంత చిక్కనైన భాస్వరము అంత ఎక్కువ. 1925లో ప్రకటింపబడిన ఈ పద్ధతిని లోకమునందలి ప్రయోగశాలలు దశాబ్దములపాటు వాడుకొనినవి. తక్కెడ సరిగానున్నగాని పద్దు నిలువదు. ఆ తక్కెడ చేతికి వచ్చిన పిదప కండరములలోని భాస్వరమును తూచిచూడగా, పాతలెక్కలలో కలియని పద్దొకటి తేలెను. 1927లో దానిని ఫాస్ఫోక్రియాటిను అని గుర్తించిరి. కండరశక్తికి లాక్టికామ్లమే మూలమని ఆనాటి పండితుల నమ్మకము. ఆ శాఖలోని పరిశోధనలకే 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము హిల్, మైయర్‌హోఫ్ అనువారికి లభించియుండెను. ఈ క్రొత్త పద్దుతో ఆ నమ్మకము సడలిపోయెను.

మరి రెండేండ్లకు, 1929లో, అడినోసిన్ ట్రైఫాస్ఫేటు బయటపడినది. దీనినే పొడియక్షరములలో ఏటీపీ యందురు. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమాన్ అనువారు స్వతంత్రముగా దీనిని కనుగొనిరి. కావున కీర్తి పంచుకొనవలసినదే. ఒక అణువునకు మూడు భాస్వరపు గొలుసుకట్లు; కొనకట్టు తెగినపుడు శక్తి విడుదలయగును. తెగిన కట్టు అన్నసారమును కణము దహించుకొనగా వచ్చిన శక్తితో మరల అతుకుకొనును. అన్ని జీవరాసులలోను చెల్లునట్టి నాణెమిది. మనిషి దేహమున ఏ క్షణమునందైనను ఉండు ఏటీపీ పావుకిలోకు మించదు. ఒకనాటి చెలామణీ మాత్రము దాదాపు మనిషి బరువంత. రొక్కము నిల్వ స్వల్పము, లావాదేవీ అపారము; ఇట్టి ఖాతాను నేను మరెక్కడను చూడలేదు.

పైన చెప్పిన మోటకు మేత ఇదియే. 1957లో డెన్మార్కు దేశపు యెన్స్ స్కౌ అను శాస్త్రజ్ఞుడు కణపు పొరలోనున్న ఆ మోటను కనుగొనెను. అది ఒక ఏటీపీని ఖర్చుపెట్టి మూడు సోడియములను బయటికి తోడి, రెండు పొటాషియములను లోనికి తెచ్చును. ఊరక కూర్చున్న మనిషి ఖర్చులో సుమారు నాలుగవ వంతు ఈ ఒక్క పనికే పోవును. స్కౌగారికి 1997లో నోబెలు బహుమానములో భాగము లభించెను. సుబ్బారావుగారు అప్పటికి స్వర్గస్థులై అర్ధశతాబ్ది కావచ్చినది.

1930లో వీరికి డాక్టరేటు వచ్చెను. హార్వర్డులో స్థిరమైన పదవి మాత్రము రాలేదు. తన పేరును ముందునకు తోసికొను స్వభావము వారికి లేదు. సభలయందు ఇతరులను నిలబెట్టి తాము వెనుకవరుసలో కూర్చుండిరి. ఇది సద్గుణమేయని పెద్దలందురు. కాదనను. కాని దస్తావేజులో పేరు పడనివానికి భూమి దక్కదని ఎఱిగిన నాకు ఈ విషయము చదివినప్పుడెల్ల ప్రాణము చివుక్కుమనును.

1940లో న్యూయార్కు రాష్ట్రమున పర్ల్ రివరు అను చోటనున్న లెడర్లే ప్రయోగశాలలకు వెళ్లి, పరిశోధనాధిపతులైరి. తరువాతి ఎనిమిదేండ్లలో అక్కడ పండిన పంట ఒక్క జీవితమునకు ఎక్కువ. 1945లో వీరి బృందము ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. ఆకుకూరలలోను, కాలేయములోను ఉండు ఈ విటమిను లేనిదే క్రొత్త కణములు పుట్టవు. గ్రహణి రోగులకు దీని నిచ్చి చూడగా నెత్తురు పట్టెను, ఆకలి పుట్టెను. సోదరులను మ్రింగిన రోగమునకు సుమారు ఇరువదియేండ్ల పిమ్మట మందు దొరకినది. అదే ప్రయోగశాలనుండి 1948లో వెలువడిన ఆరియోమైసిను అను ఔషధము టెట్రాసైక్లిను కుటుంబమునకు మొదటిది. దానిని కనుగొన్నవారు వీరిక్రింద పనిచేసిన డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞులు. నేటికిని గ్రహణికి ఫోలికామ్లమును, టెట్రాసైక్లినును కలిపియే యిత్తురు. గర్భిణులకు ఆసుపత్రిలో నిచ్చు ఇనుపమాత్రలో నున్నదియు ఈ ఫోలికామ్లమే. ఆదిలాబాదు అడవులలో గోండులను, కొలాములను బాధించు సికిల్ సెల్ వ్యాధిలో ఎఱ్ఱకణములు త్వరగా నశించును గనుక, క్రొత్తవి పుట్టుటకై దీనినే వాడుదురు.

పొరల ద్వారములనుగూర్చి చెప్పితిని గదా. ఇచ్చట ఒక చిత్రము కలదు. ఫోలికామ్లమును పోలియుండి, దాని పనిని చెఱచు మందులను వీరి బృందము చేసెను. వానిలో ఎమినోప్టెరిను అనుదానిని బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపుకేన్సరు గల పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితములు ప్రకటించెను. అంతవరకు తప్పని చావుగా నున్న ఆ రోగము కొందరు బిడ్డలలో కొంతకాలమైనను వెనుకకు తగ్గెను. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఈ మందు కణములోనికి ప్రవేశించునది ఫోలికామ్లపు జాతికై కణము తెఱచియుంచిన ద్వారముననే. మారువేషమున జరాసంధుని పురము చొచ్చిన కృష్ణభీమార్జునులు నాకు జ్ఞప్తికి వచ్చుచుందురు.

ఇంటికి తిరిగివచ్చుట మాత్రము పడలేదు. వీరు సముద్రము దాటిన పిదప పుట్టిన కుమారుడు పసితనముననే పోయెను. శేషగిరిగారు భర్తను మరల చూడలేదు. హిమాలయము చూడబోయిన ప్రవరునకు కాలి పసరు కరగిపోయినను అగ్నిదేవుడు ఇల్లు చేర్చెను. వీరికి ఏ దేవుడును అడ్డుపడలేదు. ఈ ఖాతాలో ఖర్చెంత, జమ యెంత అని నేను పలుమార్లు కూడి తీసివేసి చూచితిని. శేషగిరిగారి తరఫున వ్రాయవలసిన అంకె నాకు దొరకలేదు. 1948 ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. వయస్సు 53, ఇంచుమించు నా యీడు. 1995లో శతజయంతికి భారత ప్రభుత్వము వారి బొమ్మతో తపాలాబిళ్ల వెలువరించెను.

ఇక నా బాకీ. 1947లో లెడర్లేలోనే వీరి బృందము హెట్రజాను అను మందును వెలికితెచ్చెను. బోదకాలునకు మన పాత కరీంనగరము జిల్లా పేరుపడినది. దోమకాటుతో ప్రవేశించిన పురుగులు దేహమున దాగి, వాని పిల్లలు రాత్రివేళ నెత్తుటిలో తిరుగును. కాలు వాచనివాని నెత్తుటిలోనూ అవి యుండవచ్చును. దోమ వానిని పొరుగింటికి చేర్చును. కావున ఆరోగ్యవంతులును మందు మ్రింగవలెను. 2004నుండి ప్రభుత్వమువారు ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్రలు ఆ హెట్రజానే. ఒకయేడు ఆశా కార్యకర్త మా యింటికి వచ్చి మాత్రలిచ్చినపుడు, నాకు రోగమేమియు లేదను ధీమాతో, తరువాత మ్రింగెదనని చెప్పి పంపితిని. ఆమె నన్ను నమ్మి పుస్తకములో గుర్తు పెట్టుకొని పోయెను. మాత్రలు అటకమీది డబ్బాలో పడెను. ఇతరుల తప్పుడు పద్దులు పట్టుకొని బ్రతుకువాడను. నా పేరిట ఒక తప్పుడు పద్దు నేనే వ్రాయించితిని.

ఆ యేటి వానకాలముననే ఈ గ్రంథాలయమున సుబ్బారావుగారి చరిత్ర నా చేతబడినది. మరల మాత్రలు వచ్చిన దినమున భోజనముచేసి, ఆమెను అరుగుమీద కూర్చుండుమని, ఆమె యెదుటనే మ్రింగితిని. ఆమె నా పేరునకెదురుగా గీత గీసికొని, మా పొరుగింటి తలుపు తట్టినది.