పత్రికాభాషకు గురువు
భాషాశాస్త్రవేత్త బూదరాజు రాధాకృష్ణ 1932లో వేటపాలెంలో జన్మించారు. క్రీ.శ. 1100 వరకు గల తొలి తెలుగు శాసనాలను పరిశోధించి 1971లో గ్రంథం వెలువరించారు. తెలుగు అకాడమీలో పనిచేసి, పదవీ విరమణానంతరం ఈనాడు జర్నలిజం పాఠశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. శాసనాల భాషను శోధించిన పండితుడు నాటినుండి మరునాటి వార్త భాషను తీర్చిదిద్దారు.

ఇంగ్లీషు వార్తను మాటకు మాటగా తెనిగించినా, సంస్కృత సమాసాలను పేర్చినా సామాన్య పాఠకునికి అర్థం కాదు. వార్త అర్థం కానివాడు తన హక్కులను సైతం తెలుసుకోలేడు. అందువల్లనే ఆయన విలేఖరులకు వాడుకమాటల బలాన్ని, వాక్యంలోని స్పష్టతను బోధించారు. దోషాలను నిర్మొహమాటంగా దిద్దారు. పత్రికలకు ఉపకరించే ‘ఆధునిక వ్యవహారకోశం’ కూర్చారు. 2006లో ఆయన కీర్తిశేషులయ్యారు. ఆయన శిష్యులు పత్రికలలోను, టీవీ వార్తా ఛానళ్లలోను ఆ సంప్రదాయాన్ని కొనసాగించారు.