గురి మారిన వేటకాడు: జిమ్ కార్బెట్

మన ప్రబంధకవులకు వేట మిక్కిలి ప్రియమైన వర్ణనావస్తువు. వలలు, ఉరులు, వేటకుక్కలు, పొదలు చీల్చుకొని వెలువడు అడవిపందులు - ఇవి అన్నియు మనము పద్యములలో చదివి ఆనందించినవే. ఆ వేటకాండ్రలో ఒకడైన తిన్నడు విల్లు పట్టిన చేతితోనే శివుని అర్చించి కన్నప్ప అయినాడు. కనుక వేటకాని గుండెలో భక్తి పుట్టుట మన సాహిత్యమునకు వింత కాదు. ఇరువదవ శతాబ్దములో, హిమాలయముల అడుగున, ఇంచుమించు అటువంటి మార్పే మరొక వేటకానిలో కలిగినది. ఆయన జేమ్స్ ఎడ్వర్డ్ కార్బెట్. లోకము పిలిచిన పేరు జిమ్ కార్బెట్.

మనుష్యమాంసము మరిగిన పులులను కూల్చిన వీరుడుగా ఆయనను ఎరుగనివారు అరుదు. కాని పులిని చంపక, బెదరింపక, దాని యింటనే దానిని చూచి చిత్రము తీయుటకు ఆయన పడిన పాటు ఎరిగినవారు కొందరే. ఆయన జీవితములో మనము ముఖ్యముగా తెలిసికొనవలసిన ఘట్టము అదియే అని నా అభిప్రాయము.

కార్బెట్ 1875 జూలై 25వ తేదీన నైనీతాలులో జన్మించినాడు. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. పెద్ద సంసారము. జిమ్‌కు ఆరేండ్లు నిండకమునుపే తండ్రి గతించగా బిడ్డల భారమంతయు తల్లిపై పడినది. వేసవి నైనీతాలులో, చలికాలము కొండదిగువనున్న కాలాఢుంగీలో ఆ కుటుంబము గడపెడిది. కాలాఢుంగీ యింటి గడప దాటిన అడవియే. బాలునికి దొరికిన మొదటి తుపాకి పాతది. దాని రెండు గొట్టములలో ఒకటి పగిలినది. అట్టి ఆయుధముతో అడవికి పోవువాడు గుండు వృథా చేయరాదు. గుండు వృథా కాకుండవలెనన్న ముందుగా చూపును చెవిని పదును పెట్టుకొనవలెను. కొండముచ్చు ఏ కొమ్మనుండి హెచ్చరించినది, దుప్పి ఎటు తిరిగి అరచినది, ఇసుకలోని అడుగుజాడ ఎంతసేపటిది - ఇవి ఆయనకు బాల్యమునందే ఓనమాలైనవి. తరువాతి కాలములో కెమేరా పట్టినపుడు ఆయనకు అక్కరకు వచ్చినది ఈ చదువే.

పెద్ద చదువులకు వీలులేక ఆయన యౌవనారంభముననే రైల్వే కొలువులో చేరినాడు. పిదప గంగ ఒడ్డున మొకామా ఘాటులో సరుకులను ఒక బండినుండి మరొక బండికి మార్పించు కంట్రాక్టు తీసికొని, కూలీలతో కలిసి ఇరువదేండ్లకు పైగా శ్రమించినాడు. సెలవు దొరికినపుడెల్లను అడవికి పరుగెత్తెడివాడు.

1907లో కుమాయూను కొండలనుండి ఆయనకు పిలుపు వచ్చినది. చంపావత్ ప్రాంతమున ఒక ఆడుపులి నేపాళములోను, కుమాయూనులోను కలిపి 436 మందిని పొట్టన పెట్టుకొన్నదని లెక్క. కార్బెట్ రెండు నియమములు విధించినాడు. పులి తలకు కట్టిన వెలను ప్రభుత్వము రద్దు చేయవలెను. తక్కిన వేటకాండ్రను వెనుకకు పిలువవలెను. డబ్బుకొరకు ప్రాణము తీయువాడన్న పేరు ఆయనకు సమ్మతము కాదు. పులిని కూల్చిన తరువాత దాని నోరు తెరచి చూడగా కుడివైపు కోరలు పైనిదియు క్రిందిదియు విరిగియున్నవి. ఎన్నడో ఎవరో గురితప్పి కాల్చిన గుండు చేసిన గాయమది. సహజమైన ఆహారమును పట్టుకొనలేక ఆ మృగము మనుష్యులపై పడినది. నాలుగు వందల పైచిలుకు మరణములకు మొదటి కారణము ఒక తుపాకి గుండు! పులి స్వభావముచేత క్రూరమైనది కాదని, మనుష్యుడు చేసిన గాయమో, ముండ్లపంది ముల్లో, ముసలితనమో దానినట్లు మార్చుచున్నదని ఆయన జీవితాంతము చెప్పుచు వచ్చినాడు.

1926లో రుద్రప్రయాగ చిరుతపులిని చంపుటతో ఆయన కీర్తి దేశమంతట వ్యాపించినది. కేదార బదరీ యాత్రికుల దారిని ఏండ్ల తరబడి వణికించిన ఆ చిరుత ప్రభుత్వపు లెక్కప్రకారము 125 మందిని చంపినది. ఇట్లు ఆయన వేటకాండ్రలో అగ్రగణ్యుడై యున్న సమయముననే తుపాకిమీద మమత సడలజొచ్చినది.

ఆ మార్పునకు తోడ్పడినవాడు ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అను అటవీశాఖాధికారి. సంయుక్త రాష్ట్రపు అడవులలో పనిచేసిన ఈయన జంతువులు నడచు దారికి అడ్డముగా సన్నని తీగ కట్టి, దానిని కెమేరాకు కలిపెడివాడు. రాత్రివేళ పులి పాదము తీగకు తగులగనే మెగ్నీషియము పొడి భగ్గున వెలిగి చిత్రము పడెడిది. అనగా తన చిత్రమును పులి తానే తీసికొన్నదన్నమాట. ఆ చిత్రములతో ఆయన 1927లో ప్రకటించిన గ్రంథము వేటకాండ్ర లోకమున క్రొత్త ఆలోచనను రేకెత్తించినది. కార్బెట్‌ను కదలించినదియు అదియే.

అయితే కార్బెట్ కోరినది పులి కదలికను, పట్టపగటి వెలుగులో. ఆయన చేతికి వచ్చినది చలనచిత్ర కెమేరా. ఇక్కడనే చిక్కు వచ్చినది. తుపాకి ఒక్కమారు మ్రోగును. అంతతో పని ముగియును. చలనచిత్ర కెమేరా నడచినంతసేపును గురగుర శబ్దము చేయుచుండును. పులి చెవి ఎంత చురుకైనదో కార్బెట్ కన్న ఎరిగినవారు లేరు. ఆ చిన్న చప్పుడునకే పులి తల యెత్తును. మరుక్షణమున పొదలలో మాయమగును. ఏండ్లకొలది ఆయన కెమేరాతో అడవులు తిరిగి, విసిగి వేసారక, తుదకు ఉపాయము అడవిలోనే కనుగొన్నాడు. పులి బెదరని చప్పుడు ఒకటి ఉన్నది - పారు నీటి చప్పుడు.

అడవి నడుమ ఒక చిన్న వాగును ఎన్నుకొని, దానికి అక్కడక్కడ రాళ్లతో బుల్లి అడ్డుకట్టలు కట్టినాడు. నీరు వానిపైనుండి దుముకుచు నిరంతరము ధ్వని చేయజొచ్చినది. ఆ ధ్వనిలో కెమేరా గురగుర కలిసిపోయినది. ఇక పులులు అక్కడికి రావలెను. తరుముకొని వచ్చుట ఆయన పద్ధతి కాదు. ఎర పెట్టిన చోటును కొన్ని గజముల చొప్పున జరుపుచు, పులులకు అనుమానము కలుగనీక, వానిని మెల్లమెల్లగా ఆ వాగు ఒడ్డునకు అలవాటు చేసినాడు. తెల్లవారకమునుపే, మంచుకు తడిసి ఆకులు చప్పుడు చేయని వేళ, ఆయన వచ్చి పొదచాటున మాటు వేసెడివాడు. వెలుతురు చాలువరకు కదలరాదు. నాలుగు నెలలకు పైగా ఈ తపస్సు సాగినది. ఒక పులి కాదు, అనేకమైన పులులు కొద్ది అడుగుల దూరమున ఆయన కెమేరా ముందు తిరుగాడినవి. వానిలో ఒక్కటియు ఆయనను చూడలేదు. మంచి చిత్రము ఒక్కటి దొరికినను వేటలో తెచ్చిన చర్మము కన్న ఎక్కువ ఆనందమిచ్చునని, చర్మము తెచ్చినవానికే గాని ఇతరులకు పనికిరాదనియు, చిత్రము అందరిదనియు ఆయన నమ్మకము.

ఇంతవరకు చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. కార్బెట్ ఒక్కనాటిలో తుపాకి పారవేసిన ఋషి కాడు. 1930లో పవల్‌గఢ్ అడవిలోని పేరుమోసిన పెద్దపులిని ఆయన చంపినాడు. అది మనుష్యులజోలికి పోయినది కాదు. వేటకాండ్రందరును కోరుచుండిన ఘనమైన మృగము మాత్రమే. ఆ సంగతి ఆయనే దాచక వ్రాసినాడు. వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువునకు పులివేటలు ఏర్పాటు చేసినవాడును ఆయనయే. 1938లో, అరువది మూడేండ్ల వయస్సున, ఠాక్ గ్రామస్థుల మొర విని మనుష్యులను తినుచుండిన ఆడుపులిని కూల్చినాడు. ఈ తుది దానిని ఎవరును తప్పు పట్టరు. మొదటి రెండింటిని సమర్థించుట కష్టము. పెరిగిన కాలపు అలవాటు ఒకవైపు, తెలిసిన సత్యము ఒకవైపు లాగుచుండగా మెల్లగా, తడబడుచు ముందుకు నడచిన మనుష్యుడాయన. అందుచేతనే ఆయన మార్పు మనకు నమ్మదగినదిగా తోచును.

ఆ మార్పు ఆయనతో ఆగలేదు. 1936లో సంయుక్త రాష్ట్రమున హెయిలీ పేర వెలసిన వనము భారతదేశపు మొదటి జాతీయవనము. దాని స్థాపనకు కార్బెట్ పాటుపడినాడు. 1944లో వెలువడిన ఆయన గ్రంథము, కుమాయూను నరభక్షకుల కథ, ప్రపంచమంతట చదువబడినది. వేటకథలకొరకు దానిని తెరచిన పాఠకుడు తుది ప్రకరణమున కెమేరాను గురించి, తగ్గిపోవుచున్న పులులను గురించి చదివి పుస్తకము మూసెడివాడు. 1947లో అక్క మ్యాగీతో కలిసి కెన్యాకు తరలిపోయి, నైయెరీలో 1955 ఏప్రిల్ 19న కన్నుమూసినాడు. సమాధి అక్కడనే ఉన్నది. హెయిలీ పేర పుట్టిన వనమునకు తరువాత కార్బెట్ పేరు పెట్టినారు. 1973 ఏప్రిల్ 1న పులుల రక్షణపథకము ప్రారంభమైనది ఆ వనమునందే.

ఆ పథకము 1983లో మన నల్లమలకును వచ్చినది. నేడు శ్రీశైలము అడవులలో పులులను లెక్కించువారు చెట్లకు కెమేరాలు కట్టి వచ్చుచున్నారు. పులి ప్రక్కగా నడచినంతనే చిత్రము పడును. చారలనుబట్టి ఏది ఏ పులియో గుర్తింతురు. 2018-19 గణనలో దేశమంతట 26,838 చోట్ల ఇట్టి కెమేరాలు నిలిపినారు. చాంపియన్ కట్టిన సన్నని తీగకు ఇవి మనుమలు.

కెమేరా చేత పట్టుట నేడు సులభమైనది. జీపులు చుట్టుముట్టి, దారి అడ్డగించి, బెదరిన పులి చిత్రమును తీసి మురియువారును ఉన్నారు. వారి చిత్రములో పులి ఉండును గాని పులి జీవితము ఉండదు. వాగు చప్పుడు చాటున, మంచులో తడియుచు కూర్చున్న ఆ ముదుసలి వేటకాడు మనకు నేర్పినది చిన్న విషయమే. అడవిలో మనము అతిథులము. మనము వచ్చిపోయినట్లు ఇంటివారికి తెలియనంత మెత్తగా వచ్చిపోవుటయే అక్కడి మర్యాద.