మసకలో లెక్క చూసిన మనవాడు

రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగినప్పుడు జంపన్నవాగు నీళ్ళ రంగే మారిపోతుంది. లక్షలమంది అందులో మునిగి, తడిబట్టలతోనే సమ్మక్క, సారలమ్మల గద్దెల వైపు నడుస్తారు. ఆ నీళ్ళు నెత్తిన చల్లుకుంటాం గానీ గొంతులో పోసుకోం. తేటగా ఉంటే మంచివి, మసగ్గా ఉంటే చెడ్డవి అని ఆడవాళ్ళం కంటితోనే లెక్క కట్టేస్తాం కదా! అది సగం లెక్కే. వాగులో కనబడే మసక చాలావరకు కాళ్ళకింద లేచిన మట్టి. గ్లాసెడు నీళ్ళలో లక్షల సూక్ష్మజీవులున్నా అవి తేటగానే కనబడొచ్చు. అందుకే వడగట్టడంతో సరిపెట్టకుండా కాచి తాగమంటారు.

మరి రాత్రి మిగిలిన చారుతేట తెల్లారేసరికి మసకబారిందంటే? అది మట్టి కాదు, బాక్టీరియా. ఒకటి రెండై, రెండు నాలుగై కోట్లకు చేరితే వెలుగు వాటికి తగిలి చెదిరిపోతుంది. ఎంత పెరిగితే అంత మసక. మనం మొహం చిట్లించి పారబోసే ఆ మసకనే కొలబద్దగా వాడుకుని, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు ప్రాణంలాంటి మందును సాధించిన బృందానికి పెద్ద మన తెలుగువాడే. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. పదమూడేళ్ళ వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయారు. జాతరలో కొబ్బరికాయలమ్మే కుర్రాళ్ళను చూస్తే నాకు ఆయనే గుర్తొస్తారు. తల్లి వెనక్కి తెప్పించి మళ్ళీ బడికి పంపింది. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. తర్వాత రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యసిస్తానంటే ఆ తల్లే ఒప్పుకోలేదు. అలా మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చుకు మామగారు ఆదుకున్నారు. ఖద్దరు వేసుకుని సర్జరీ క్లాసుకు వెళ్ళినందుకు తెల్లదొర ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, అంతకంటే చిన్నదైన ఎల్.ఎం.ఎస్.

ఈలోగా ఇంట్లో పిడుగు పడింది. తోడబుట్టిన ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది. వైద్యం చదువుతున్నవాడి చేతిలోనూ దానికి మందు లేదు.

ఆయన బోస్టన్ చేరేనాటికి భార్య శేషగిరి గర్భవతి. పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహమే చూడలేదు, మళ్ళీ ఇండియాకే రాలేదు. ఆయన గొప్పతనం చెప్పేవాళ్ళు శేషగిరిని ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు. ఏళ్ళ తరబడి గుమ్మంవైపు చూసిన ఆ చూపుకు కూడా ఈ కథలో వాటా ఉందని నాకనిపిస్తుంది.

అక్కడ ఆస్పత్రిలో రాత్రిపూట నౌకరీ చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి ప్రకటించారు. రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది, రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ద్రవంలో రంగును చూసి లెక్క చెప్పే విద్య అలా చేతికొచ్చింది. ఆ దారిలోనే కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ బయటపడ్డాయి. అయినా హార్వర్డ్ స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి పరిశోధనకు పెద్ద అయ్యారు.

అప్పటికే లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరీక్షించి, ఈస్టు సారంతో అది తగ్గుతుందని 1931లో చెప్పింది. అందులో పనిచేసేదేమిటో తెలియదు. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు పాలకూర నుంచి ఒక పదార్థం తీసి, ఆకు అనే అర్థమొచ్చేలా ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు.

అది లివర్‌లో, ఈస్టులో ఉండేది పిసరంత. తూచడం ఎలా? ఇక్కడే మసక అక్కరకొచ్చింది. లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియాకు ఫోలిక్ ఆమ్లం లేనిదే ఎదుగుదల లేదు. దానికి కావలసినవన్నీ ఇచ్చి అదొక్కటే ఇవ్వకపోతే టెస్టుట్యూబు తేటగానే ఉండిపోతుంది. లివర్ సారం చుక్క వేస్తే మసకబారుతుంది. ట్యూబులోంచి వెలుగు ఎంత దాటిందో పరికరంతో చూసి, తెలిసిన మోతాదులు వేసిన ట్యూబులతో పోలిస్తే సారంలో ఎంతుందో తేలిపోతుంది. ఏ వడపోతలో మందు మిగిలింది, ఏ వడపోతలో జారిపోయింది అనేది ఆ బాక్టీరియా పెరుగుదలే చెప్పింది. స్టాక్‌స్టాడ్ వంటి సహచరులతో సుబ్బారావు బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలోనే తయారు చేసింది. గర్భిణుల రక్తహీనతకూ, అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకూ మందు దొరికింది.

ఆ ఆమ్లం పనిని అడ్డుకునే మందులను కూడా అదే బృందం చేసింది. వాటిలో అమినోప్టెరిన్‌తో 1947లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు పిల్లలకు వైద్యం మొదలుపెట్టారు. బోదకాలు వ్యాధికి మందూ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్కూ సుబ్బారావు హయాంలో వచ్చినవే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే ఆయన నిద్రలో కన్నుమూశారు.

ఏఎన్ఎం ఇచ్చే ఐరన్ మాత్రలో ఐరన్‌తో పాటు ఉండేది ఈ ఫోలిక్ ఆమ్లమే. వికారమనో, విరేచనం నల్లగా అవుతోందనో దాన్ని అటక మీద పడేసే కోడళ్ళను, పడేయమనే అత్తలను నేను చూస్తూనే ఉన్నాను. బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకునేది గర్భం నిలిచిన మొదటి నాలుగు వారాల్లోనే. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే డాక్టరును అడిగి రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోమంటారు. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు తినడం మంచిదే. ఆకుకూర ఉడికించిన నీళ్ళు మాత్రం పారబోయకండి, ఫోలిక్ ఆమ్లం వాటితోనే పోతుంది.

మేడారంలో కొత్తకోడలికి సంతానం కలగాలని మొక్కుకుని, బెల్లం బంగారం సమర్పించే అత్తలెందరో! మొక్కుతో పాటు ఆ మాత్ర కూడా కోడలి చేతిలో పెట్టండమ్మా.